పదకొండో మనిషి

పదిమంది వచ్చారు. ఇంకొక్కరు కావాలి.

పర్వత్ పాటియాలో చీరల దుకాణం పై అంతస్తు. సూరత్ తెలుగు పదసూచికకర్తల సంఘం సర్వసభ్య సమావేశం. పుస్తకం చివర ఏ మాట ఏ పేజీలో ఉందో చూపించే పట్టిక ఉంటుంది చూడండి, దాన్ని తయారుచేసేవాళ్లకూ ఒక సంఘం ఉంది. అధ్యక్షుడున్నాడు, కార్యదర్శి ఉంది, నియమావళి ఉంది. లేనిదల్లా కోరమే. పదకొండుమంది కూర్చుంటే గాని ఏ తీర్మానమూ చెల్లదు.

కార్యదర్శి అమూల్య మూడేళ్లుగా ఒకే తీర్మానం పట్టుకుని తిరుగుతోంది. ఏటా ఆమె, అధ్యక్షుడు ఆదిశేషయ్య, ఖాళీ కుర్చీలు. ఏటా వాయిదా. ఈసారి అది పాసైపోతే ఆదివారాలు మళ్లీ తనవి. కాకపోతే మరో ఏడాది ఈ చాకిరీ తప్పదు.

ఈసారి ఇంతమంది రావడానికి కారణం నోటీసు. సూచికలు చేసేవాళ్లకు ఏదైనా వెనకనుంచి చదవడం అలవాటు. నోటీసు చివరి లైను చూశారు, పై లైన్ల జోలికి వెళ్లలేదు. చివరి లైనులో ‘వేడివేడి లోచో పెడతాం’ అని ఉంది. ఆవిరిమీద ఉడికించే ఆ శనగపిండి టిఫినంటే సూరత్‌లో ఎవరైనా పరుగెత్తుకొస్తారు.

“ఎవరూ కదలొద్దు!” అన్నాడు ఆదిశేషయ్య. హజీరాలో ఇంజనీరుగా రిటైరైన పెద్దమనిషి. తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“సార్, మా ఇంటికి గ్యాస్ బండ వస్తోంది,” అని లేచింది తేజశ్రీ.

“కూర్చో అమ్మాయ్. గ్యాస్ రేపైనా వస్తుంది. కోరం వస్తుందా?”

తేజశ్రీ కూర్చుంది. అంతలో రఘుపతి బాత్‌రూముకు వెళ్లాడు. లోపలున్న మనిషి హాజరైనట్టా, కానట్టా అని చర్చ మొదలైంది. బయటికి వినిపించేలా దగ్గుతుంటే హాజరైనట్టేనని తేల్చారు. పాపం రఘుపతి, దగ్గుతూనే ఉన్నాడు.

మూలనున్న జమున చటుక్కున లేచింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. “అమూల్యక్కా, మా గోడాదరా బస్తీల గంగారాం కాకా ఉన్నడు. ఆయన గూడ మెంబరే. చలో, పోయి ఎత్తుకొద్దాం!”

గంగారాం ఒకప్పుడు మగ్గాల మీద పనిచేశాడు, ఇప్పుడు తెలుగు పుస్తకాలకు సూచికలు చేస్తాడు. ఆదిశేషయ్య వాళ్లిద్దరికి మాత్రం తలుపు వదిలాడు. జమున, అమూల్య వెళ్లేసరికి గంగారాం ఇంట్లో లేడు. మంగలి దుకాణంలో దొరికాడు. ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప నిండా నురగ.

“లే కాకా, మీటింగుకు పోదాం.”

“గిట్లనా? జర ఆగు బిడ్డా, సగమే అయింది.”

“మిగిలిన సగం వచ్చినంక. టైం నహీ హై!”

“నియమావళిలో గడ్డం ఊసు లేదండీ,” అని చేతులు జోడించింది అమూల్య.

మంగలి పగలబడి నవ్వి, మెడలో తువ్వాలు మాత్రం తిరిగి తెచ్చివ్వమన్నాడు.

ఒక్క స్కూటీ మీద ముగ్గురు. నడుమ గంగారాం. గాలికి నురగ ఎగిరి వెనక కూర్చున్న అమూల్య కళ్లజోడు మీద పడింది. ఆమె నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుంది. సంఘం పనిమీద తిరుగుతూ నవ్వడం ఆమెకు ఇదే మొదటిసారి.

“పదకొండు!”

హాలంతా ఒక్క అరుపు అరిచింది. రఘుపతి దగ్గడం ఆపి పరుగెత్తుకొచ్చాడు. ఎవరో గంగారాంను కావలించుకుని మిగిలిన నురగ తామే తుడిచేశారు. లోచో గిన్నె మూత తీశారు.

ఆదిశేషయ్య లేచి గొంతు సవరించుకున్నాడు. “ఎజెండాలో అంశం ఒక్కటే...”

“చదవక్కర్లేదు సార్, పాస్!” అన్నాడు రఘుపతి.

“నియమం ప్రకారం చదవాలి,” అని ఆయన చదివాడు. ప్లేట్ల చప్పుడులో ఆయన గొంతు ఆయనకే వినిపించలేదు.

చేతులు లేచాయి. అందరికంటే ముందు అమూల్యది. గంగారాం రెండు చేతులూ ఎత్తితే ఒకటి దించమన్నారు. వ్యతిరేకించేవారెవరని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు.

“ఏకగ్రీవం!” అని ఆదిశేషయ్య బల్ల చరిచాడు. ఈలలు వేశారు.

తర్వాత ఎవరూ ఇంటికి పోలేదు. ఏళ్ల తరబడి ఎవరి గదిలో వాళ్లు, ఎవరి తెర ముందు వాళ్లు పనిచేసిన మనుషులు. జమున, తేజశ్రీ ఒకే ప్రచురణకర్తకు పనిచేస్తున్నారని ఇప్పుడు తెలిసింది. ఇద్దరూ కలిసి ఆయన్ని కసిదీరా తిట్టుకున్నారు. తేజశ్రీ గ్యాస్ బండ సంగతే మరిచిపోయింది.

“నెలనెలా కలుద్దాం!” అన్నారెవరో.

“వచ్చే నెల మా ఇంట్ల. మా అమ్మ సర్వపిండి చేస్తది,” అంది జమున.

“ఆ పై నెల డుమస్ బీచ్‌లో!”

“అమూల్యగారూ, ఇకమీదట మీరొక్కరే కష్టపడక్కర్లేదు. సగం పని నాది,” అన్నాడు రఘుపతి.

ఆ మాట కోసం తాను ఎన్నేళ్లు ఎదురుచూసిందో అమూల్యకు గుర్తొచ్చింది. ఇంత సంతోషంగా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. ఆదిశేషయ్య వైపు చూసింది. ఆయన ప్లేటులో లోచో అలాగే ఉంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

సగం గడ్డంతో గంగారాం దగ్గరికొచ్చాడు. “ఏందమ్మా, గట్ల మొకం పెట్టినవ్? నువ్వనుకున్నది పాసైంది గద!”

“గంగారాంగారూ, ఇందాక మనం చేతులెత్తి పాస్ చేసింది, మీటింగులకు ఎవరూ రావడం లేదు కాబట్టి ఈ సంఘాన్ని ఇవాళ్టితో మూసేద్దామన్న తీర్మానం.”