నెల రోజులు దెబ్బ తగలని కుందేలు

వేరుశనగ చేలో ఒక కుందేలు తనంతట తానే బాక్సింగ్ నేర్చుకుంటోంది. బాక్సింగ్ నేర్పే ముసలి పొట్టేలు అటుగా వచ్చి, "ముందు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోరా అబ్బాయ్" అంది.

"దేనికి తాతా? నెల రోజులుగా ఈ దిష్టిబొమ్మని చితక్కొడుతున్నాను. నా మీద ఒక్క దెబ్బ పడితే ఒట్టు!" అని కుందేలు మీసం దువ్వి, బొమ్మకి మళ్లీ ఒక్కటిచ్చుకోబోయింది.

దిష్టిబొమ్మ తన కుండ తలకాయ పక్కకి తప్పించి, గడ్డి చేత్తో దాని ముక్కు మీద ఒక్కటి పీకింది. కుందేలు వెల్లకిలా పడింది.

"అన్యాయం! నీకెవరు నేర్పారు?"

"పొట్టేలు తాతే. నన్ను బాది బాది నువ్వు కునుకు తీసినప్పుడల్లా వెళ్లొచ్చేవాణ్ణి" అంది దిష్టిబొమ్మ. "రోజూ తన్నులు తినేది నేనాయె, నేర్చుకోకపోతే ఎలా?"