తడపని మూల

"ఒక్క చిల్లూ లేదమ్మా. రేపట్నుంచి చెత్త పోసుకోవచ్చు," అన్నాడు చిల్లులు వెతికే మిషనన్న.

చెత్తనీళ్లు భూమిలోకి దిగకుండా గుంటలో పరిచిన ప్లాస్టిక్ పట్టాను నేను నీళ్లతో తడిపితే, ఆయన మిషనుకున్న కరెంటు కర్రతో తడుముతాడు. చిల్లుంటే మిషను కూస్తుంది.

"అన్నా, ఆ మూల తడపలేదు. పాప ఏడిస్తే పాలివ్వడానికెళ్లాను."

"ఇప్పుడా చెప్పడం! పొడి మీద మిషను మూగదే కదా, తల్లీ!"

"మా బావి ఈ దిగువనే ఉందన్నా."

తడిపాను. కర్ర ఆనగానే మిషను కూసింది.

"బతికించావు పో! అతుకేసేస్తాం. మీ బావికేం భయం లేదు," అని నవ్వాడు.

పక్క గుంట వైపు చూశాను. ఆరు నెలల్లోనే అది చెత్తతో నిండిపోయింది. దాని పట్టా తడిపిందీ నేనే. అప్పుడూ పాప ఏడిస్తే మధ్యలో వెళ్లాను. మిషను కూయలేదు.

పాప మళ్లీ ఏడ్చింది. పాపకు పట్టే బావినీళ్ల సీసా చేత్తో పట్టుకుని, మూత తీయకుండా నిలబడ్డాను.