గొట్టంలో ఊపిరి

"గొట్టాన్ని మడిచి పడేయకు సాహెరా, పగిలిపోద్ది. వదులుగా చుట్టి తగిలించు," అని చెప్పి మండపం ఓనరు సుబ్బరత్నం గారు ఇంటికి వెళ్లిపోయారు. తిరువూరులో పెళ్లివారు ఖాళీ చేసిన ఆ మండపంలో సాహెరా ఒక్కతే మిగిలింది.

తివాచీలు శుభ్రం చేశాక, వాక్యూమ్ క్లీనర్ ప్లగ్గు పీకేసి గొట్టాన్ని పొడిగుడ్డతో తుడిచింది. పగుళ్లేమైనా ఉన్నాయేమోనని తడుముతుంటే, గొట్టం మూతి ఆమె అరచేతిని మెల్లగా పీల్చి వదిలింది. మళ్లీ పీల్చింది. అచ్చం నిద్రపోతున్న మనిషి ఊపిరిలా.

చెయ్యి వెనక్కి లాక్కుంది. పారిపోదామనుకుంది. కానీ తన అద్దెగదిలో పలకరించే మనిషి లేడు.

"ఎవరండీ?" అని గొట్టంలోకి అడిగింది.

ఊపిరి ఆడుతూనే ఉంది.

సాహెరా నెమ్మదిగా కింద కూర్చుంది.

"అన్నం తిన్నారా?"

ఊపిరి ఆగింది. లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు.