రెండో జత

సిస్టర్ చిలేషే ట్రే మీద గ్లవ్స్ పొట్లం ఒకటి పెట్టింది. అది డాక్టరుకి. దాని పక్కనే ఇంకొకటి పెట్టింది.

ఆపరేషన్ బల్ల మీద కూర్చున్న నముకోలో ఆ రెండింటినీ చూసింది. నడుముకి మత్తు సూది కోసం వంగాల్సిన మనిషి నిటారుగా అయింది.

“ఆ రెండోది ఎవరికి?”

“అదీ డాక్టరుకే.”

“ఆయనకెన్ని చేతులున్నాయేంటి?”

“ఆయన పద్ధతి అంతేలేమ్మా. నువ్వు వంగు.”

నముకోలో వంగలేదు. రెండు జతల సంగతి ఆమెకు కొత్త కాదు. ఇదివరకు వెళ్లిన పెద్దాసుపత్రిలో ఆమె ఫైలు మీద ఎర్ర చుక్క పెట్టారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ఆపరేషన్లు అక్కడ జాబితాలో చివరికి పోతాయి. వాళ్ల వంతు వచ్చేసరికి కరెంటు పోతుంది, లేదా మత్తు డాక్టరు ఇంటికి పోతాడు. మూడుసార్లు అలాగే తిప్పి పంపారు. మూడోసారి ఒక డాక్టరు రెండు జతలు తొడుక్కుని ఆమె కడుపు నొక్కి చూశాడు. రెండూ విప్పాక కూడా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. ఇక జన్మలో ఇలాంటి చేతుల కింద పడుకోనని ఆమె ఆరోజే అనుకుంది.

గర్భసంచిలో గడ్డలు. రెండేళ్లుగా నెలలో ఇరవై రోజులు రక్తం పోతూనే ఉంది. ఎండుచేపల బుట్ట ఎత్తితే కళ్లు తిరుగుతున్నాయి. ఇంకో నెల ఆగితే కోతకు తట్టుకునే ఓపిక కూడా ఒంట్లో మిగలదని ఈ మిషన్ ఆసుపత్రి డాక్టర్ మ్వీంబా మొహమ్మీదే చెప్పాడు.

ఆయన పశువుల మందలు మేపే టోంగా తెగవాడు. ఆమె జాంబేజీ నది వరద నేలలో పుట్టిన లోజీ. ఈ రెండు తెగలకూ వేళాకోళపు వరస. ఒకరినొకరు ఎంత మాటన్నా అనొచ్చు. కోపం తెచ్చుకుంటే తప్పు తెచ్చుకున్నవాళ్లదే. అందుకే మొదటిరోజే ఆమె ఆయన్ని బావా అంది, వరసైనవాడితో మీరేంటని నువ్వులోకి దిగింది. ఆయనా మరదలా అనే పిలిచాడు. ఆమె రక్తపరీక్ష కాగితం చూసి, “వైరస్ లెక్కకు దొరకలేదట. రోజూ మాత్రలు మింగుతున్నావన్నమాట. ఏ వేళకి?” అన్నాడు.

“ఏడింటికి. రేడియోలో వార్తలప్పుడు.”

“మంచి వేళ. వార్తలు వింటూ మింగితే గొంతులో దిగడం తెలీదు.”

మంచివాడే అనుకుంది. కానీ పక్క మంచం బీనా చోల్వే ఇంకో మాట చెప్పింది. ఆవిడా టోంగాయే. “మావాడు పనిమంతుడే. కానీ కుట్లేసే సూదిని వేలితో ముట్టుకోడట. పాముని పట్టుకున్నట్టు పట్టకారుతోనే పట్టుకుంటాడట. ఎందుకో అంత భయం!”

ఎందుకో నముకోలోకి ఇప్పుడు అర్థమైంది.

తలుపు భుజంతో నెట్టుకుని డాక్టర్ మ్వీంబా లోపలికి వచ్చాడు. కడుక్కున్న చేతులు పైకెత్తి ఉన్నాయి. మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

“బావా, ఆ రెండో జత తీసేయించు.”

“ఎందుకు?”

“ఎందుకేంటి? నేనేమన్నా మీ మందలో ఆవునా, దూడని లాగేవాడిలా తొడుక్కొస్తున్నావు?”

“ఆవైతే ఇంత నోరుండదు. వంగు.”

“నిజం చెప్పు. రక్తమంటే భయం కదూ నీకు?”

“భయమే” అన్నాడు డాక్టరు.

ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

“అయితే ఒక్క జతే వేసుకో. లేదా నేను దిగిపోతా.”

“రెండు జతలు లేకుండా నీ మీద చెయ్యి వెయ్యను.”

“వెయ్యకు.”

ఆమె ఒక కాలు కిందికి దించింది. గది గిర్రున తిరిగింది. సిస్టర్ చిలేషే పరుగున వచ్చి పట్టుకుంది.

“పిచ్చిదానా, ఇప్పుడు దిగితే నెల తిరక్కుండా శవమై వస్తావు!”

“రానీ. శవానికి ఎన్ని జతలు తొడుక్కుంటాడో చూస్తాను.”

ఎవరూ నవ్వలేదు. డాక్టరు గోడ మీది గడియారం చూశాడు. తర్వాత సిస్టర్ వైపు, మత్తు సూదితో నిలబడ్డ మనిషి వైపు చూశాడు.

“మీరంతా రెండు నిమిషాలు బయట ఉండండి.”

వాళ్లు వెళ్లారు. తలుపు మూసుకుంది. ఆయన తడి చేతులు అలాగే పైకెత్తి పట్టుకుని వంగి, మాస్కు వెనక నుంచి ఆమె చెవిలో ఒకే ఒక మాట చెప్పాడు.

సిస్టర్ తిరిగి వచ్చేసరికి నముకోలో దిండుని ఒడిలో పెట్టుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, వీపు విల్లులా వంచి కూర్చుని ఉంది. మత్తు సూది దిగింది. ఆపరేషన్ గంటన్నర పట్టింది. గర్భసంచి వచ్చేసింది, రక్తం ఆగింది.

మర్నాడు పలచటి జావ తాగించాక బీనా చోల్వే మంచం దగ్గరికి జరిగింది.

“థియేటర్‌లో పెద్ద గొడవ చేశావట. చివరికి ఒక్క జతేనా?”

“రెండే.”

“అయితే మావాడి చేతిలో ఓడిపోయావు!”

“ఓడిపోయాను.”

లోజీ మనిషి టోంగా చేతిలో ఓడిపోయానని ఒప్పుకోవడం ఆ వార్డు ఎన్నడూ వినలేదు. నాలుగు మంచాల అవతల కూడా నవ్వారు.

“ఇంతకీ అందర్నీ బయటికి పంపి ఏమన్నాడేం?”

“ఏముంది, ఆవుల గురించే ఏదో” అని నముకోలో గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆయన అన్నది ఇది: “రెండో జత నీ రక్తం నాకు అంటకూడదని కాదు మరదలా, నా వేలు తెగితే నా రక్తం ఏ ఆడమనిషి కడుపులోనూ పడకూడదని, నువ్వు మింగే మాత్రలే నేనూ పదకొండేళ్లుగా మింగుతున్నాను.”