గెలిచినోళ్ల పాఠం

"నేనీడ కూసుంట బిడ్డా. ఫొటోకు వెలుతురు మంచిగొస్తది," అంటూ చెన్నబసప్ప కుర్చీని కిటికీ పక్కకు జరుపుకున్నాడు.

తెల్ల అంగీ మీద ఇస్త్రీ మడతలు ఇంకా విడలేదు. అంత ఉక్కపోతలోనూ మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. ఇంతగా తయారై కూర్చుంటాడని శ్యామల అనుకోలేదు.

శ్యామల జహీరాబాద్ ట్రాక్టర్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆన్‌లైన్‌లో ఇంజనీరింగ్ కోర్సు చేస్తోంది. సొంత వ్యాపారం పెట్టడం, టెక్నాలజీ మేనేజ్‌మెంట్, సస్టైనబుల్ ఎనర్జీ, మూడూ కలిపి ఒకే సర్టిఫికెట్. అది చేతికొస్తే డిజైన్ విభాగానికి మారొచ్చు. ఒక్క అసైన్‌మెంటే మిగిలింది. సౌరశక్తి వ్యాపారంలో దెబ్బతిన్న ఒకరిని స్వయంగా కలిసి, ఎందుకు ఓడిపోయారో అడిగి రాయాలి. ఫొటో తప్పనిసరి. పాఠం పేరు 'ఓడినవారి నుంచి'.

ఇలాంటి పాఠాలు తయారుచేసే మహానుభావులు ఎప్పుడైనా ఒకరి గుమ్మం ముందు నిలబడి, 'మీరు ఓడిపోయారట కదా' అని అడిగి చూశారో లేదో! శ్యామల అడగలేకపోయింది. నాన్న స్నేహితుడే కదా అని చెన్నబసప్పకు ఫోన్ చేసి, "గెలిచినోళ్ల మీద పాఠం కాకా, నీ ఇంటర్వ్యూ కావాలె," అని అబద్ధమాడేసింది. ఆయన కాస్త ఆగి, "రా బిడ్డా," అన్నాడు.

ఎండ వేడితో అల్లం ఆరబెట్టి శొంఠి చేసే యూనిట్ ఒకటి చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన పెట్టాడాయన. ఇప్పుడక్కడ లారీల టైర్లకు పంక్చర్లు వేస్తున్నారు.

"మా ఆయన యూనిట్ సూడనీకె బీదర్ నుంచి గూడ వచ్చెటోళ్లు," అంది గిరిజమ్మ, మంచి కప్పుల్లో చాయ్ తెచ్చి పెడుతూ. "రాసుకో బిడ్డా."

"రాసుకుంటున్న చిన్నమ్మా. ఫోన్ల రికార్డింగ్ గూడ అయితంది."

"కరెంటు ఖర్సు లేకుంట శొంఠి చేస్తనంటె ముందుగాల అందరు నవ్విన్రు," అన్నాడు చెన్నబసప్ప దర్జాగా. "తర్వాత ఆళ్లే వచ్చి లైన్ కట్టిన్రు."

గిరిజమ్మ వంటింట్లోకి వెళ్లింది. ఆయన గొంతు తగ్గింది.

"నష్టాల సంగతి గూడ అడుగు. అది లేకుంటె మార్కులేస్తరా?"

శ్యామల ఉలిక్కిపడింది. "అంటే కాకా, యూనిట్ ఎందుకు..."

"ఎందుకు బందైందంటవా? అల్లం అగ్గువకు పోతెనే రైతు నా దగ్గరికొస్తడు. ఆ ఏడు ధర పెరిగింది. అందరు పచ్చిదే అమ్మిన్రు, నాకు ఆరబెట్టనీకె అల్లం దొరకలే. అల్లం ధర పెరిగితె మొత్తుకున్నోణ్ని ఈ తాలూకల నేనొక్కణ్నే!"

ఆయనే నవ్వాడు. ఆమె ఫోన్లోని ప్రశ్నలు ముందే చదివినట్టు, అడగకముందే జవాబులు వరసగా చెప్పుకుపోయాడు. గిరిజమ్మ గాజుల చప్పుడు వినబడగానే మళ్లీ బీదర్ రైతుల దగ్గరికి వెళ్లిపోయాడు. భార్య ముందు నష్టాలు చెప్పుకోవడం నామోషీ కాబోలు అనుకుంది శ్యామల.

"ఇది అందరు సూస్తరా?" అడిగింది గిరిజమ్మ.

"సూస్తరు చిన్నమ్మా." శ్యామల తల ఎత్తకుండా ఫోన్లో కెమెరా తెరిచింది.

ఫొటోకు ముందు గిరిజమ్మ భర్త కాలర్ సరిచేసింది. ఆ ఫొటో కింద ఏం రాయాలో శ్యామలకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయింది.

గేటు దాకా వచ్చిన గిరిజమ్మ ఒక శొంఠి పొట్లం ఆమె చేతిలో పెట్టి, ఇంట్లోకి ఒకసారి తొంగిచూసింది.

"ఒకటి చెప్త బిడ్డా, ఏమనుకోకు. ఇది ఓడినోళ్ల పాఠమని నాకు ఎరుకే."

శ్యామల పొట్లం తిరిగి ఇచ్చేయబోయింది.

"పోయినేడు ఒక పోరడు గూడ నీ లెక్కనే చెప్పి వచ్చిండు. ఆ పిల్లగాడు రాసింది మా తమ్ముని బిడ్డ ఫోన్ల సదివి నాకు చెప్పింది. నేను మా ఆయనకు చెప్పలే. యూనిట్ బందైనంక ఆ అంగీ బయటికి తీసుడే మానిండు. మీ అసుంటోళ్లు వస్తెనే తీస్తడు. ఆయనకు తెల్వనియ్యకు."

"నేనిది పంపను చిన్నమ్మా. తీసేస్త."

"అయ్యో, పంపు! నీ సదువు ఎందుకు చెడగొట్టుకుంటవు? ఆయనకు చెప్పకుంటె చాలు."

శ్యామల ఆమె కళ్లలోకి చూడలేక తల ఊపి స్కూటీ ఎక్కింది. వీధి మలుపు తిరగగానే ఆపేసింది. ఏడుపొచ్చింది. తన సర్టిఫికెట్ కోసం ఒక పెద్దమనిషికి ఇస్త్రీ అంగీ తొడిగించి కూర్చోబెట్టింది. ఆ ముసలామె అది చూస్తూ చాయ్ పోసింది. ఎవరు ఏమన్నా సరే, ఈ ఇంటర్వ్యూ పంపకూడదు. ఫోన్ తీసి రికార్డింగ్ చెరిపేయబోయింది.

"బిడ్డా, ఆగు!"

చెన్నబసప్ప చెప్పులు టపటపలాడిస్తూ వస్తున్నాడు. చేతిలో ఆమె హెల్మెట్ ఉంది.

"గిది మర్సిపోయినవు."

నిజం చెప్పేసి ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. కానీ గిరిజమ్మకు ఇప్పుడే మాటిచ్చింది. హెల్మెట్ అందుకుంది.

ఆయన వెళ్లలేదు. వెనక్కి తిరిగి, అక్కడికి ఇల్లు కనబడదని చూసుకుని, దగ్గరికొచ్చాడు.

"ఓడినోళ్ల పాఠమని గిరిజకు మాత్రం చెప్పకు, బిడ్డా."