గూట్లో మట్టి

తేదీలు ఎవరూ రాసిపెట్టుకోని కాలంలో, వాగు మీదికి వంగిన ఈతచెట్టులో గిజిగాళ్ల కాలేజీ ఒకటుండేది. చదువైపోయాక పట్టా కావాలంటే ఒక ప్రమాణం చెయ్యాలి: "గూడు గాలికి ఊగకుండా లోపల పెట్టే మట్టి, ప్రిన్సిపాలుగారు ఇస్తేనే పనిచేస్తుంది. ఆ అధికారం ఆయనకి ఆకాశం ఇచ్చింది." పట్టా లేనివాడికి ఆ చెట్టు మీద కొమ్మ ఇవ్వరు. కొమ్మ లేనివాడి వంక ఏ ఆడపిట్టా చూడదు.

పీచు అనే కుర్రపిట్ట అల్లికలో అందరికన్నా ముందున్నాడు. తీరా ప్రమాణం దగ్గరికొచ్చేసరికి నోరు ఊరుకోలేదు.

"ఆకాశం మీకెప్పుడిచ్చింది మాష్టారూ? మా తాతల్ని అడిగే ఇచ్చిందా?"

"అడగడానికి వాళ్లెవర్రా! నమ్మకం లేనివాడికి కొమ్మ లేదు, ఫో!"

పీచు పక్కనున్న తుమ్మచెట్టు మీద గూడు కట్టుకున్నాడు. వాగు గట్టు నుంచి తడిమట్టి తానే ముక్కుతో తెచ్చి పెట్టాడు. పనిచెయ్యకపోతే ఏమిటి గతి అని లోపల గుబులుగానే ఉంది.

రెండ్రోజులు ఈదురుగాలి కొట్టింది. గూడు ఊగలేదు. ఒక ఆడపిట్ట వచ్చి, లోపలికి దూరి, నాలుగు మూలలా చూసి, "బాగానే కట్టావ్‌లే" అని ఉండిపోయింది.

అది చూసి ప్రిన్సిపాలు పీచుని కాలేజీకి పిలిచి, పిల్లలందరి ముందూ అన్నాడు: "ఆకాశం నీకూ అధికారం ఇచ్చినట్టుందిరా. రా, నా పక్కన కూర్చుని మట్టి పంచు."

ఆ చోటు నీడగా, మెత్తగా ఉంది. పీచు కాసేపు దానివంకే చూశాడు.

"నాకెందుకు మాష్టారూ! గట్టు అందరికీ కనబడుతూనే ఉందిగా."

ప్రిన్సిపాలు నొచ్చుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. కళ్లు తెరిచేసరికి కొమ్మ మీద ఆయనొక్కడే ఉన్నాడు. కాలేజీ అంతా గట్టు మీద ఉంది.