పక్క మంచం ఆవిడ

ఒళ్ళు పెనంలా కాలుతోంది. అయినా సింధూరి చలితో వణికిపోతోంది.

నుదుటి మీద తడిగుడ్డ పడింది. కళ్ళు తెరిస్తే ఎవరో పెద్దావిడ.

"ఎవరండీ మీరు?"

"శౌరమ్మనమ్మా. పడుకో."

బెజవాడలో ఓ చిన్న ఆసుపత్రి జనరల్ వార్డు అది. సింధూరిని ఇక్కడ చేర్చి హాస్టల్ వార్డెన్ వెళ్ళిపోయింది. కబురు చెయ్యడానికి సింధూరికి నా అన్నవాళ్ళు లేరు.

డాక్టరు రౌండ్స్‌కి వచ్చాడు.

"ఇంత కాలుతుంటే ఈ చలేంటి డాక్టర్?" అంది సింధూరి.

"ఒంట్లో చేరిన క్రిములతో పోరాడ్డానికి ఒళ్ళే వేడి పెంచుకుంటోందమ్మా. ఆ వణుకు అందుకే. దోమకాటు జ్వరం ఇది, నీళ్ళు బాగా తాగించాలి. అటెండెంట్ ఎవరు?"

"నేనేనండి," అంది శౌరమ్మ.

సింధూరికి చిరాకేసింది. పక్క మంచం మీద ఓ ముసలామె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఈవిడ ఆమె తాలూకు మనిషే అయ్యుంటుంది. తనతో ఏం పని?

జ్వరం పెరిగింది. ఆ తర్వాత అంతా మసక. ఎవరో చెంచాతో కొబ్బరినీళ్ళు పోస్తున్నారు. చెమటకు తడిసిన బట్టలు మారుస్తున్నారు. అరికాళ్ళు రుద్దుతున్నారు.

మళ్ళీ తెలివొచ్చేసరికి శౌరమ్మ తన జుట్టు చిక్కు తీస్తోంది.

"ముట్టుకోకండి! ముందు మీ పేషెంట్‌ని చూసుకోండి."

శౌరమ్మ చెయ్యి ఆగిపోయింది. దువ్వెన పక్కన పెట్టి, సంచీ తీసుకుంది.

"జ్వరం దిగింది తల్లీ. ఇంక భయం లేదు."

వెళ్ళిపోయింది.

సాయంత్రం పక్క మంచం ముసలామె కోడలు క్యారేజీ తెచ్చింది.

"మీ అమ్మగారు ఇంటికెళ్ళారా అండీ?"

"మా అమ్మా? ఆవిడ మీ మనిషి కదా?"

"మాకేం కాదండీ. మీ అమ్మగారనే అనుకున్నాం."

సింధూరి నర్సుని పిలిచింది.

"సిస్టర్, శౌరమ్మగారు ఎవరండీ?"

సెలైన్ సీసా మారుస్తున్న నర్సు ఆగింది.

"మీకు చెప్పలేదా? సమాధి చేసొచ్చి, ఇక్కడ ఉండిపోయిన దుప్పటి కోసం వచ్చిందండీ. మీరేమో 'అమ్మా, అమ్మా' అని కలవరిస్తున్నారు. ఇంక కదల్లేదు."

"ఆవిడ ఊరేది?"

"ఉయ్యూరు వైపనుకుంటా. మేమూ అడగలేదు."

సింధూరి మంచం మీద లేచి కూర్చుంది.

"ఎవర్ని సమాధి చేసొచ్చి?"

"కూతుర్నండీ. మీకు ముందు ఇదే జ్వరంతో, ఈ మంచం మీదే పోయింది."